ఇమ్యూన్ జీన్ పెరిగితే పండుగప్ప గట్టిపడినట్టేనా? తిరుపతి జిల్లా మత్స్యశాఖకు, పరిశోధన విభాగాలకు బహిరంగ లేఖ

తిరుపతి జిల్లా మత్స్యశాఖ అధికారులకు, తిరుపతి విశ్వవిద్యాలయాల్లోని జంతుశాస్త్ర, బయోటెక్నాలజీ విభాగాల ఆచార్యులకు,

నమస్కారం. పెంపకంలో ఉన్న సముద్రపు చేపల ఆరోగ్యం మీద, ముఖ్యంగా ఒత్తిడికీ రోగనిరోధక జన్యువులకూ ఉన్న లంకె మీద పనిచేసే కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. విన్నపం ముందే చెప్పేస్తాం, కారణాలు తర్వాత. ఏ మేత పొడి గానీ ద్రావణం గానీ "పండుగప్పలో ఇమ్యూనిటీ పెంచుతుంది" అంటూ మీ ముందుకొచ్చి, సాక్ష్యంగా ఫలానా జీన్ (అంటే అది పంపే ఆర్ఎన్ఏ సందేశం) ఇన్ని రెట్లు పెరిగిందన్న బార్ పటం ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకండి. ఆ చేపను ఎలా పట్టారు, పట్టిన ఎంతసేపటికి కణజాలం తీశారు, అంతకుముందు వారం రోజులు దాన్ని ఎలా ఉంచారు, ఈ మూడూ రాసి ఉంటేనే ఆ పటానికి అర్థం. రైతుల శిక్షణలో కూడా పొడి సంగతి ఆఖరున రావాలి. పట్టడం, గ్రేడింగ్ (సైజు వారీగా వేరుచేయడం), రవాణా, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) ముందు రావాలి.

2022 ఏప్రిల్‌లో జిల్లా ఏర్పడ్డప్పుడు తిరుపతికి సముద్రం కూడా వాటాగా వచ్చింది. వాకాడు తీరం, సూళ్లూరుపేట, తడ వైపు పులికాట్ మన జిల్లాలోకొచ్చాయి. ఈ జన్యు సందేశాలను కొలిచే పీసీఆర్ యంత్రాలేమో కొండ కింద ఉన్నాయి, ఉప్పునీటి చెరువులు అక్కడెక్కడో తూర్పున ఉన్నాయి. ఈ దూరం మా వాదనలో ఒక ముఖ్యమైన భాగం, దాని దగ్గరికి వస్తాం. పండుగప్ప (ఇంగ్లీషులో సీబాస్, తడ వైపు తమిళం మాట్లాడేవాళ్లకి కొడువా) కొత్త చేపేమీ కాదు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ (సిబా) 1997లోనే దాన్ని బందిఖానాలో గుడ్లు పెట్టించింది. ఇంకో రెండు సముద్రపు చేపలు, కోబియాను 2010లో, పంపానోను 2011లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) తమిళనాడులోని మండపంలో సాధించింది. పిల్ల దొరుకుతుంది. దాన్ని బతికించడం దగ్గరే అసలు కష్టం.

ఇక విషయం. మనిషికీ పశువుకూ రక్తకణాలు ఎముక మజ్జలో పుడతాయి. ఎముకచేపకు ఆ ఏర్పాటు లేదు. మొప్పల వెనక, వెన్నుకి అంటుకుని ఉండే హెడ్ కిడ్నీలో అవి పుడతాయి. బాక్టీరియాను మింగే మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్, యాంటీబాడీ తయారుచేసే బి కణాలు, అన్నిటికీ అదే పుట్టిల్లు. విచిత్రమేమిటంటే ఒత్తిడి హార్మోన్లు పుట్టేదీ అక్కడే. కార్టిసోల్ వదిలే ఇంటర్‌రీనల్ కణాలు, అడ్రినలిన్ వదిలే క్రోమాఫిన్ కణాలు అదే కణజాలంలో, రక్తనాళాల వెంబడి ఇరుక్కుని ఉంటాయి. మనకు మూత్రపిండం మీద టోపీలా విడిగా కూర్చునే అడ్రినల్ గ్రంథి చేపకు లేదు. కాబట్టి వల పడగానే పుట్టే కార్టిసోల్ మొదట తాకేది పక్కనే ఉన్న రోగనిరోధక కణాలనే, అదీ రక్తంలో కలిసి పలచబడక ముందే.

వరస ఇలా నడుస్తుంది. వల కదిలిన కొన్ని సెకన్లలో అడ్రినలిన్, నారడ్రినలిన్ రక్తంలోకి వస్తాయి. మెదడులోని హైపోథాలమస్ సీఆర్‌హెచ్ వదిలి, దానికి పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోన్ వదిలి, అది ఇంటర్‌రీనల్ కణాలకు చేరి, కార్టిసోల్ పెరగడం కనిపించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. చాలా ఎముకచేపల్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు కార్టిసోల్ మిల్లీలీటరు ప్లాస్మాకి 10 నానోగ్రాముల లోపు ఉంటుంది. పట్టుకుని ఇబ్బంది పెడితే 30 నుంచి 300 దాకా పోతుంది, అర్ధగంట, గంట మధ్య శిఖరానికి చేరుతుంది. జాతిని బట్టి తేడా పెద్దది. యూరప్ సీబాస్ ఈ విషయంలో మహా కంగారు చేప, దాని కార్టిసోల్ గిల్ట్‌హెడ్ బ్రీమ్ అనే ఇంకో పెంపకపు చేప కంటే బాగా ఎక్కువ పైకి వెళ్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఆ యూరప్ సీబాస్ వేరు, మన పండుగప్ప వేరు. కుటుంబాలే వేరు. ఒకటి చల్లటి మధ్యధరా నీళ్లది, ఇంకొకటి 26 నుంచి 32 డిగ్రీల్లో హాయిగా ఉండేది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే పేరు తగిలించడం వల్ల ఒకదాని ప్రైమర్లు (పీసీఆర్‌లో కావలసిన జన్యువును పట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఇంకోదానికి వాడి, పడీపడని బ్యాండ్‌తో సర్దుకుపోయే ప్రమాదం ఉంది. పండుగప్ప జన్యుపటం 2016లోనే వచ్చింది. ప్రైమర్లు దాని నుంచే గీసుకోవచ్చు.

కార్టిసోల్ కణంలోకి వెళ్లి గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌కి అతుక్కుంటుంది. చాలా ఎముకచేపల్లో ఈ రిసెప్టర్‌కి రెండు జన్యువులున్నాయి. అతుక్కున్న జంట కేంద్రకంలోకి పోయి కొన్ని జన్యువులను నేరుగా లేపుతుంది, కొన్నిటిని అణుస్తుంది. అణచడంలో ముఖ్యమైనది ఎన్ఎఫ్ కప్పా బి అనే స్విచ్. వాపుకి సంబంధించిన ఐఎల్-1 బీటా, టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఐఎల్-8 వంటివి ఈ స్విచ్ కిందే నడుస్తాయి. కార్టిసోల్ దాన్ని డీఎన్ఏ దగ్గర అడ్డుకుంటుంది. దాన్ని కట్టేసి ఉంచే ఐ కప్పా బి అనే ప్రొటీన్‌నూ పెంచుతుంది. గిల్ట్‌హెడ్ బ్రీమ్ హెడ్ కిడ్నీ మాక్రోఫేజ్‌లకు బాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్ తగిలించి, పక్కన కార్టిసోల్ కూడా వేస్తే, రావలసినంత ఐఎల్-1 బీటా, టీఎన్ఎఫ్ ఆల్ఫా రావు. చేప పైకి బాగానే ఉంటుంది. విబ్రియో బాక్టీరియా వచ్చిన రోజున మాత్రం అలారం సన్నగా మోగుతుంది.

ఇది సగం కథే. కాసేపటి ఒత్తిడి, వారాల ఒత్తిడి ఒకే పని చేయవు. ఒక నిమిషం వలలో ఎత్తి వదిలిన చేపలో, మొదటి కొన్ని గంటల్లో రక్తంలో న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి, బాక్టీరియా గోడను కరిగించే లైసోజైమ్ పైకి పోతుంది, హెడ్ కిడ్నీలో ఐఎల్-1 బీటా, క్రిములను చంపే హెప్సిడిన్ సందేశాలు కూడా పెరగవచ్చు. దెబ్బ తగలబోతోందని ఒళ్లు సిద్ధం చేసుకోవడమే అది. రోజూ అదే బాధ పెడుతూ రెండు మూడు వారాలు గడిపితే బొమ్మ తిరగబడుతుంది. బి కణాలు చనిపోవడం మొదలవుతుంది, ఐజీఎం అనే యాంటీబాడీ పడిపోతుంది, చర్మం మీది జిగురులో లైసోజైమ్ తగ్గుతుంది, మొప్పలూ పేగూ మీది పొర ఆలస్యంగా మానుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. రోజూ ఒకే రకం బాధ పెడితే చేప అలవాటు పడి కార్టిసోల్ తక్కువే చూపించవచ్చు. అందుకని వారాల ప్రయోగం చివర కార్టిసోల్ మామూలుగా ఉంది కాబట్టి ఒత్తిడి లేదనడం తొందరపాటు.

ఇప్పుడు ఆ బార్ పటానికి వద్దాం. ఐఎల్-1 బీటా పెరిగిందంటే కనీసం నాలుగు అర్థాలున్నాయి. పొడి నిజంగానే కణాలను మేల్కొలిపి ఉండవచ్చు. పట్టుకున్న తీరు అలా ఉండవచ్చు. లోపల ఏదో సంక్రమణ నడుస్తూ ఉండవచ్చు. లేదా ఏ కణమూ ఏమీ మార్చుకోకుండా, కణాల జనాభాయే మారి ఉండవచ్చు.

ఈ నాలుగోదాన్ని చాలామంది గమనించరు. ప్లీహాన్నే తీసుకోండి. అడ్రినలిన్ తగలగానే చేప ప్లీహం కుంచించుకుని, నిల్వ ఉన్న ఎర్రకణాలను రక్తంలోకి తోసేస్తుంది. మన ఎర్రకణంలో కేంద్రకం లేదు. చేప ఎర్రకణంలో ఉంది, ఆర్ఎన్ఏ కూడా ఉంది. అవి వెళ్లిపోగానే అదే ఒక మైక్రోగ్రాము ఆర్ఎన్ఏలో తెల్లకణాల వాటా పెరుగుతుంది. తెల్లకణాల జన్యువులన్నీ "పెరిగినట్టు" కనిపిస్తాయి. యంత్రం అబద్ధం చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్నే తప్పు. అందుకే ప్లీహం ఒక్కటే చూసి తీర్పు చెప్పకుండా హెడ్ కిడ్నీ, మొప్ప కూడా చూడాలి. రక్తపు పూతలో కణాల లెక్క కూడా వేయాలి. గాజుపలక, జీమ్సా రంగు, సూక్ష్మదర్శిని ఉంటే చాలు, ఖర్చు లేని పని.

మూడో అర్థానికి మన తీరంలో ప్రత్యేకమైన బరువుంది. పండుగప్ప పిల్లను ఊడ్చిపెట్టే నోడావైరస్ (వీఎన్ఎన్ అనే నరాల జబ్బు తెచ్చేది) బతికి బయటపడ్డ చేపల్లో నెలల తరబడి మెదడులో, కంటిలో దాగి ఉంటుంది. అలాంటి పిల్లతో ప్రయోగం చేస్తే ఇంటర్‌ఫెరాన్ లేపే ఎంఎక్స్ జీన్ మొదటి నుంచే ఎత్తులో ఉంటుంది. దానికి ఒత్తిడి తోడైతే దాగిన వైరస్ లేచి ఎంఎక్స్ ఇంకా పైకి పోతుంది. కరపత్రంలో అది "యాంటీవైరల్ శక్తి" అవుతుంది! కాబట్టి ఏ ప్రయోగానికైనా పిల్ల దింపే ముందు నోడావైరస్‌కి ఆర్‌టీ పీసీఆర్ చేసి, ఫలితం కాగితం మీద పెట్టాలి.

జన్యువు పైకి పోవడం మంచిదనే నమ్మకమే తప్పు. అవసరం లేనప్పుడు నిరంతరం లేచి ఉన్న ఐఎల్-1 బీటా అంటే మాననిపుండు. మేతలో తిన్న ప్రొటీన్ పెరుగుదలకు బదులు అక్కడ ఖర్చవుతుంది. ఈస్ట్ బీటా గ్లూకాన్‌ను కిలో మేతకి 1 గ్రాము చొప్పున కొన్ని వారాలు ఇచ్చి ఆపడం ఒక పద్ధతి. ఎక్కువ మోతాదులో, ఆపకుండా నెలల తరబడి పెడితే ప్రతిస్పందన మొద్దుబారుతుంది. ఆరోగ్యంగా ఉన్న చేప గుర్తు వేరు: మామూలప్పుడు తక్కువ, క్రిమి తగిలినప్పుడు వేగంగా ఎక్కువ, పని అయ్యాక మళ్లీ తక్కువ. అంటే క్రిమిని గానీ చంపిన విబ్రియోను గానీ తగిలించకుండా చేసిన కొలత ఈ విషయంలో సగం కొలతే.

నమూనా తీయడం గురించి కొంచెం విడమరచి చెప్పాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, పద్ధతుల విభాగంలో ఒక్క వాక్యంతో దాటేసేదీ ఇక్కడే. 24 గంటల ముందు మేత ఆపాలి. రోజులో కార్టిసోల్ దానంతటదే ఎక్కి దిగుతుంది కాబట్టి అన్ని గుంపులనూ ఒకే వేళలో, పొద్దున 7కీ 9కీ మధ్య తీయాలి. ట్యాంకులో వల ఒక్కసారే దించి, కావలసిన మూడు చేపలనూ ఒకేసారి ఎత్తి నేరుగా మత్తు బకెట్లో వేయాలి. ఒక్కో చేపనే పడుతూ పోతే చివరి చేప ఇరవై నిమిషాలుగా వలను చూసి బెదురుతూ ఉంటుంది. అది కంట్రోల్ ట్యాంకు చేపైనా సరే, ఇక కంట్రోల్ కాదు.

మత్తుకి లవంగ నూనె మన దగ్గర సులువుగా దొరుకుతుంది. నీళ్లలో కలవదు కాబట్టి ముందు ఒక వంతు నూనెను తొమ్మిది వంతుల ఇథనాల్‌లో కలిపి, ఆ ద్రావణాన్ని బకెట్లో చిలకాలి. లీటరు నీటికి 40 నుంచి 60 మిల్లీగ్రాముల నూనెతో మొదలుపెట్టి, ముందు రెండు చేపల మీద చూసుకుని, రెండు నిమిషాల్లో పూర్తిగా స్పృహ తప్పేలా మోతాదు సరిచేసుకోవాలి. 30 డిగ్రీల నీళ్లలో మందు త్వరగా పట్టేస్తుంది. ఎంఎస్-222 అనే మత్తుమందు వాడితే, ఉప్పదనం తక్కువున్న నీళ్లలో అది ఆమ్లమై చేపను మంట పెడుతుంది. వానల తర్వాత పులికాట్ వైపు నీళ్లతో ఇది తప్పక గుర్తుండాలి. మందుతో సమానమైన బరువు సోడియం బైకార్బొనేట్ కలపాలి. ఏ మత్తైనా అన్ని గుంపులకూ ఒకటే ఉండాలి.

వల పడినప్పటి నుంచి రక్తం తీసేవరకు 3 నిమిషాలు దాటకూడదు. కార్టిసోల్ అంకె చెడేది నిమిషాల్లో. ఆర్ఎన్ఏ అంకె అంత త్వరగా చెడదు, సందేశాలు మారడానికి అర్ధగంటో గంటో కావాలి. అందుకే "మేం చేపను నిమిషంలో కోశాం" అన్నవాళ్లను, కోసే ముందు ఆ చేప హాపాలో (నీళ్లలో కట్టిన వల తొట్టెలో) ఎంతసేపు వేచి ఉందో కూడా అడగాలి. చెరువు నుంచి పొద్దున్నే పట్టి, గట్టు మీద టబ్బులో రెండు గంటలు ఉంచి కోస్తే ఆ ఆర్ఎన్ఏలో ఉన్నది చెరువు సంగతి కాదు, టబ్బు సంగతి.

రక్తానికి రెండు గొట్టాలు పెట్టుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా, కార్టిసోల్ ప్లాస్మాకి హెపారిన్ సరిపోతుంది. రక్తకణాల నుంచి ఆర్ఎన్ఏ తీయాలనుకుంటే మాత్రం హెపారిన్ వద్దు, అది ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే రివర్స్ ట్రాన్‌స్క్రిప్షన్‌నీ పీసీఆర్‌నీ అడ్డుకుంటుంది. ఈడీటీఏ వాడాలి. తర్వాత హెడ్ కిడ్నీ, ప్లీహం, మొప్ప, చివరగా పేగు, ఐదారు నిమిషాల్లో అయిపోవాలి. ముక్క ఏ వైపు చూసినా అర సెంటీమీటరు మించకూడదు. 50 మిల్లీగ్రాముల ముక్కకి అర మిల్లీలీటరు ఆర్ఎన్ఏలేటర్ (ఆర్ఎన్ఏ చెడకుండా కాపాడే ద్రవం) పోయాలి. పెద్ద ముక్క వేస్తే ద్రవం లోపలికి ఇంకేలోపే మధ్యభాగం కుళ్లుతుంది.

ముందు చెప్పిన దూరం ఇక్కడ అడ్డొస్తుంది. ఆర్ఎన్ఏలేటర్‌లో ముక్క 25 డిగ్రీల్లో వారం ఆగుతుంది, 37 డిగ్రీల్లో ఒక్క రోజే. మే నెలలో తీరం నుంచి బయలుదేరిన బండి నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి చేరేసరికి డిక్కీలో వేడి ఎంతో మీకు చెప్పక్కర్లేదు. ఐస్ పెట్టె తప్పనిసరి. అలాగని గట్టు మీదే డ్రై ఐస్‌లో పడేయడమూ పొరపాటే. ద్రవం లోపలికి ఇంకడానికి ఒక రాత్రి 4 డిగ్రీల్లో ఉంచి, ఆ తర్వాతే మైనస్ 20కో మైనస్ 80కో పంపాలి.

ప్రయోగశాలలో సంగతులు మీకు తెలియనివి కావు, అందుకే రెండు మూడే ఎత్తుతాం. మొదటిది రిఫరెన్స్ జీన్, అంటే మారదనుకుని మిగతావాటిని పోల్చి చూసే జన్యువు. జీఏపీడీహెచ్ గ్లూకోజ్‌ను విరిచే దారిలోని ఎంజైమ్. కార్టిసోల్ పనే గ్లూకోజ్ దారుల్ని మార్చడం. ఒత్తిడి ప్రయోగంలో జీఏపీడీహెచ్‌ను మారని గుర్తుగా పెట్టుకుంటే కొలబద్దే సాగుతుంది. ఒత్తిడి దాన్ని రెండింతలు చేస్తే, అసలు కదలని ఇమ్యూన్ జీన్లన్నీ సగానికి పడినట్టు కనిపిస్తాయి. "ఒత్తిడి రోగనిరోధకతను అణచింది" అని ఒక వ్యాసం తయారైపోతుంది. బీటా ఆక్టిన్ ఒక్కటే పెట్టుకున్నా అదే ముప్పు. ఈఎఫ్-1 ఆల్ఫా, రైబోజోమ్ ప్రొటీన్ జన్యువులు, 18ఎస్ వంటి అయిదారింటిని ఆ ప్రయోగపు నమూనాల్లోనే పరీక్షించి, జీనార్మ్‌తోనో నార్మ్‌ఫైండర్‌తోనో (రెండూ ఈ పనికి వాడే లెక్కల సాధనాలే) స్థిరంగా ఉన్న రెండు మూడింటిని ఎంచుకోవాలి.

రెండోది ఎఫిషియన్సీ, అంటే ఒక్కో పీసీఆర్ సైకిల్‌కి ప్రైమర్ ఎంత బాగా కాపీ చేయిస్తుందనేది. 2001 నుంచి అందరూ వాడుతున్న డెల్టా డెల్టా సీటీ లెక్క, ప్రతి సైకిల్‌కీ కాపీలు సరిగ్గా రెట్టింపవుతాయని అనుకుంటుంది. ప్రైమర్ ఎఫిషియన్సీ 85 శాతమే అయితే, 5 సైకిళ్ల తేడాని 32 రెట్లని రాస్తాం, నిజానికి అది 22కి దగ్గర. స్టాండర్డ్ కర్వ్ గీసి, 90 నుంచి 110 శాతం మధ్య లేని ప్రైమర్‌ను పారేయాలి. డీఎన్ఏను ముక్కలు చేసే డీనేజ్ ఎంజైమ్ వేయకపోతే జినోమ్ డీఎన్ఏ కూడా లెక్కలో కలుస్తుంది. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ లేని కంట్రోల్ చూపించని పటాన్ని నమ్మడానికి లేదు. ఇవన్నీ పీసీఆర్ ఫలితాలు ఎలా రాయాలో చెప్పే 2009 నాటి ఎంఐక్యూఈ నియమాల్లో ఉన్నవే.

మూడోది లెక్కల సంగతి. ఒక ట్యాంకులోని పది చేపలు పది ప్రయోగాలు కావు. అవి ఒకే నీళ్లు తాగి, ఒకే ఏరేటర్ చప్పుడు విని, ఒకే వలకి బెదిరినవి. ట్యాంకే లెక్క. పొడి ఉన్నది, లేనిది, ఒత్తిడి ఉన్నది, లేనిది అని నాలుగు గుంపులు, గుంపుకి మూడు ట్యాంకులు వేసుకుంటే 12. ఒకసారి వల దించిన ట్యాంకును మళ్లీ వాడకూడదు కాబట్టి గంట, 24 గంటలు, 7 రోజులు అని మూడు వేళల్లో చూడాలంటే 36 ట్యాంకులు కావాలి. ట్యాంకుకి మూడు చేపల చొప్పున 108 నమూనాలు. విద్యార్థి ఫెలోషిప్ డబ్బుతో ఇది జరగదని తెలుసు. జరగనప్పుడు వేళలు తగ్గించండి, 24 గంటలు ఒక్కటే చూడండి. ట్యాంకులు మాత్రం తగ్గించకండి. 12 ట్యాంకులతో ఒక వేళను సరిగా చూసిన పని, నాలుగు ట్యాంకులతో ఆరు వేళలు చూసినదానికంటే విలువైనది. ఒత్తిడి అంటే ఏమిటో కూడా అంకెల్లో రాయాలి: గాలిలో 60 సెకన్లా, లేక ఘనపు మీటరుకి ఇన్ని కిలోలకు కుదించి గంటసేపా అని. "హ్యాండ్లింగ్ స్ట్రెస్" అని రాసి ఊరుకుంటే ఇంకొకరు దాన్ని మళ్లీ చేయలేరు.

ఇక మత్స్యశాఖ వారికి. ఇదంతా రైతు దగ్గరికి చేరేసరికి నాలుగు పనులుగా మారాలి.

గ్రేడింగ్ మొదటిది. పండుగప్ప పిల్ల తన పొడవులో 60 నుంచి 67 శాతం ఉన్న తోటిపిల్లని మింగేయగలదు. కాబట్టి నర్సరీలో కొన్ని రోజులకోసారి గ్రేడింగ్ తప్పదు. ఒత్తిడి అని మానేస్తే ఇంకా ఎక్కువ నష్టం. చేయగలిగింది దాన్ని కురచ చేయడమే. ముందురోజు మేత ఆపి, ఎండ రాకముందే మొదలుపెట్టి, హాపాలో కొద్దికొద్దిగా తోలి, పిల్లను గాలిలో 30 సెకన్లకు మించి ఉంచకుండా, గ్రేడింగ్ తొట్టెలో విడిగా ఏరేటర్ పెట్టి చేయాలి. వల ముడి లేనిది కావాలి. ముడుల వల చర్మపు జిగురుని గీస్తుంది, టెనాసిబాక్యులమ్‌కి, విబ్రియోకి, ఈ రెండు బాక్టీరియాలకూ అదే తలుపు.

రెండోది, పనులను ఒకేరోజు కుప్ప పోయకపోవడం. కూలీలు దొరికిన రోజునే గ్రేడింగ్, అదే రోజు చెరువు మార్పిడి, అదే రోజు టీకా, సాయంత్రం నుంచి కొత్త మేత! గోరుచుట్టు మీద రోకటిపోటు. టీకా పనిచేయాలంటే లింఫోసైట్లు లేచి పనిచేయాలి, కార్టిసోల్ ఎత్తులో ఉన్న రోజున అవే దిగిపోయి ఉంటాయి. సిబా వాళ్లు పండుగప్పకి నోడావైరస్ టీకా తయారుచేశారు. అది మన చెరువులకు వచ్చినరోజున ఇలా వేసి పాడుచేసి, టీకా పనిచేయలేదని పేరు పెట్టకూడదు. రవాణాకీ టీకాకీ మధ్య కనీసం వారం ఎడం ఉంచమని మా సలహా.

మూడోది నీళ్లు. 30 డిగ్రీల దగ్గర పూర్తి సముద్రపు ఉప్పదనంలో నీళ్లు పట్టుకోగలిగిన ఆక్సిజనే లీటరుకి 6.2 మిల్లీగ్రాములు. మంచినీళ్లలో అయితే 7.5. చేపకు 5 ఉండాలంటే మనకున్న వెసులుబాటు ఎంతో చూడండి. తెల్లవారుజాము 4, 5 గంటల మధ్య డీఓ కొలవని రైతుకు ఏ పొడీ సాయపడదు. పీహెచ్ 7.2 నుంచి 8.2కి పోతే అదే అమ్మోనియాలో విషపు భాగం ఎనిమిది, పది రెట్లు అవుతుంది. ఈశాన్య రుతుపవనాల్లో కాళంగి, స్వర్ణముఖి పొంగి ఉప్పదనం ఒక్కసారిగా పడినప్పుడు పండుగప్ప తట్టుకుంటుంది, నిజమే. మంచినీళ్ల నుంచి సముద్రం దాకా బతకగల చేప అది. కానీ ఆ సర్దుబాటు నడిపేవాటిలో కార్టిసోల్ కూడా ఒకటి. మొప్పల్లో ఉప్పు తోడే పంపులను మార్చేది అదే. అంటే ఉప్పదనం మారే రోజుల్లో కార్టిసోల్ ఎటూ పైనే ఉంటుంది. అప్పుడు గ్రేడింగ్, టీకా, రవాణా ఏదీ పెట్టుకోకూడదు. మనంతట మనం మార్చేటప్పుడు రోజుకి 5 పీపీటీ (వెయ్యికి 5 వంతుల ఉప్పు) మించకుండా మారిస్తే మేలు.

నాలుగోది మేత. చేప విటమిన్ సి సొంతంగా తయారుచేసుకోలేదు, ఒత్తిడిలో అది త్వరగా ఖర్చవుతుంది. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం మేత తయారీ వేడికి, నిల్వకి చాలావరకు పోతుంది. ఫాస్ఫేట్ రూపం నిలుస్తుంది. సంచి మీద ఏ రూపమో చూడమని రైతుకి నేర్పడం ఖర్చులేని శిక్షణ.

మేము కోరేది ఒక పేజీ ఫారం. ఇమ్యూనిటీ పేరుతో జిల్లాలో ప్రదర్శన చెరువు అడిగే కంపెనీ గానీ, ప్రాజెక్టు అడిగే విభాగం గానీ దాన్ని నింపాలి. పిల్ల ఎక్కడిది, నోడావైరస్ పరీక్ష ఫలితమేమిటి, ట్యాంకులెన్ని, నమూనాకి ముందు మేత ఎన్ని గంటలు ఆపారు, వల నుంచి రక్తానికి ఎన్ని నిమిషాలు, మత్తు ఏది, ఎంత, రిఫరెన్స్ జీన్లు ఏవి, వాటిని ఎలా ఎంచారు, ప్రైమర్ ఎఫిషియన్సీ ఎంత, ఒత్తిడి పెట్టి చూశారా, క్రిమి తగిలించి చూశారా, చివరికి ఎన్ని చేపలు బతికాయి. ఆఖరి గడి ఖాళీగా ఉంటే మిగతావి చదవనక్కర్లేదు. ముసాయిదా రాసిపెట్టడానికి మేము సిద్ధం. తీరంలో నమూనా తీయడంపై మీ క్షేత్ర సిబ్బందికీ పరిశోధక విద్యార్థులకూ కలిపి ఒక రోజు శిక్షణ పెడితే, బకెట్లూ లవంగ నూనే గొట్టాలూ మేమే తెస్తాం. అక్టోబరు వానలు మొదలవక ముందే, ఉప్పదనం నిలకడగా ఉన్నప్పుడే, వాకాడు వైపు ఏదైనా ఒక చెరువు గట్టు మీద పెట్టగలిగితే మేలు.

ఇట్లు,
సముద్రపు చేపల ఆరోగ్యంపై పనిచేస్తున్న కొందరు
తిరుపతి